అర్థం కాని గీజ్‌లో ఆరాధన ఇంకా కొనసాగాలా?

గోదారిగట్టు:
ఇథియోపియాలోని గోండర్‌లో మూడేళ్లు లెక్చరర్‌గా పనిచేసి వచ్చాను. అక్కడి ఆర్థడాక్స్ చర్చిల్లో ఆరాధన ఇప్పటికీ చాలావరకు గీజ్ అనే పాత భాషలోనే. ఆ భాష ఇళ్లలో మాట్లాడటం మానేసి దాదాపు వెయ్యేళ్లు. మా పక్కింటి పెద్దావిడ నెతెలా అనే తెల్లటి పైవస్త్రం కప్పుకొని చీకటితోనే బయల్దేరేది, గంటల తరబడి నిలబడేది. ఏం అర్థమవుతుందమ్మా అని అడిగితే, చివర్లో అమ్హారిక్‌లో, అంటే ఇవాళ అక్కడ మాట్లాడే భాషలో, చెప్పే ప్రసంగం అర్థమవుతుంది అంది.

నా మటుకు నాకు ఆరాధన మొత్తం జనం భాషలోకి రావాలి. 4వ శతాబ్దంలో అక్కడి ప్రాచీన రాజ్యం అక్సుమ్‌ని ఏలిన రాజు ఎజానా క్రైస్తవం తీసుకున్నాడు. ఆయన గ్రీకులోనూ శాసనాలు వేయించాడు, అంటే గ్రీకు వాళ్లకు తెలియని భాషేం కాదు. అయినా బైబిల్‌ని గ్రీకులోంచి గీజ్‌లోకి తెచ్చుకున్నారు. ఎందుకు? ఆనాడు అక్కడి జనం మాట్లాడేది గీజ్ కాబట్టి.

తాళపత్రం:
ఒప్పుకోను. అర్థం ఒక్కటే చూస్తే ఎలా? అక్కడి చర్చి సంగీతానికి మూలపురుషుడు 6వ శతాబ్దపు యారేద్ అని వాళ్ల సంప్రదాయం. గీజ్ (భాష పేరే ఒక రీతికీ ఉంది), ఎజ్ల్, అరారాయ్ అని పాడే రీతులు మూడు. ఆ రాగాలు గీజ్ మాటల మీదే కట్టినవి. మాట మారితే పాట విరిగిపోతుంది.

ఇక 'కెనే' అనే కవిత్వం ఉంది. అందులో పైకి కనిపించే అర్థాన్ని మైనం అంటారు, లోపలిదాన్ని బంగారం అంటారు. మైనపు బొమ్మ చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి, బంగారం పోసే కంసాలి పనిలోంచి వచ్చిన మాట అది. మన శ్లేష లాంటిదే. శ్లేషని అనువాదం చేసి చూడండి, ఏం మిగులుతుందో.

ఇంకో సంగతి. హనోకు గ్రంథం అనే ప్రాచీన యూదు గ్రంథం పూర్తి పాఠం ప్రపంచంలో మిగిలింది గీజ్‌లోనే. గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ ముక్కలే దొరికాయి. తోలు మీద తరతరాలుగా రాసుకుంటూ వచ్చిన చర్చివాళ్ల చలవే అది. రోజూ నోట్లో ఆడే భాష కాబట్టి ఆ ఓపిక వచ్చింది.

పరదేశి:
ఇద్దరూ అమ్హారిక్, తిగ్రిన్యా భాషలు మాట్లాడేవాళ్లని తలుచుకునే మాట్లాడుతున్నారు. వాళ్లకి గీజ్ చుట్టాల భాష, కొన్ని మాటలైనా చెవికి తగులుతాయి. ఇథియోపియాలోనే ఉండే మరో పెద్ద జాతి ఒరోమో వాళ్ల భాష కుషిటిక్ అనే వేరే శాఖది. వాళ్లకి గీజూ పరాయిదే, ప్రసంగం చెప్పే అమ్హారిక్కూ పరాయిదే. 2023 జనవరిలో ముగ్గురు ఆర్చ్‌బిషప్‌లు సినడ్ (చర్చి పెద్దల సభ) అనుమతి లేకుండా 26 మందిని బిషప్‌లుగా నియమిస్తే చర్చి రెండుగా చీలే పరిస్థితి వచ్చింది. ఒరోమో వాళ్లకి వాళ్ల భాషలో సేవ అందడం లేదన్నది అప్పుడు వినిపించిన ఫిర్యాదుల్లో ముఖ్యమైనది.

తాళపత్రం:
ఒరోమో విషయంలో మీ మాట కాదనలేను. వాక్యం చదవడం, ప్రసంగం వాళ్ల భాషలో ఉండి తీరాలి. కానీ గీజ్ ఇవాళ ఎవరి మాతృభాషా కాదు, అదీ ఒక మేలే. 1998లో ఇథియోపియా, ఎరిత్రియా యుద్ధానికి దిగాయి. అటూ ఇటూ ఆర్థడాక్స్ చర్చిల్లో ప్రార్థన మాత్రం ఒకే గీజ్‌లో. బేత ఇజ్రాయెల్ అనే ఇథియోపియా యూదుల లేఖనాలు కూడా గీజ్‌లోనివే.

గోదారిగట్టు:
పాట గీజ్‌లో ఉంచండి, నాకేం అభ్యంతరం లేదు. యేసు బాప్తిస్మాన్ని తలుచుకునే తిమ్‌కత్ పండగకి గోండర్‌లో దెబ్తెరాలు (చర్చి గాయకులు) చేతికర్రలు ఊపుతూ, కెబెరో డప్పుకి అడుగులేస్తూ పాడుతుంటే నేనూ కళ్లు తుడుచుకున్నాను.

కానీ మా వీధి చర్చి గోడ పక్కన పొద్దున్నే పిల్లలు 'ల లు లి లా లే ల్ లో' అని వల్లించేవాళ్లు. అచ్చం మన గుణింతమే. అక్షరాలు వచ్చాక దావీదు కీర్తనలు మొత్తం గీజ్‌లో గడగడా చదివేస్తారు. వ్యాకరణం, అర్థం నేర్పేది ఆ తర్వాత కెనే బడిలో. అంతదాకా చదివేది కొద్దిమందే. మిగతా పిల్లలకి ఆ కీర్తన ఏం చెబుతోందో ఎవరు చెప్తారు? దీనికి మీ జవాబు కావాలి.