బోర్లా పడింది, కూర్చుంది, నడిచింది: నెలతో సహా నలుగురికీ చెప్పడం అవసరమా?

కొత్తమ్మ_మియాపూర్
మా పాపకి 13 నెలలు. ఇంకా నిలబడలేదు, పాకనూ లేదు. కూర్చునే ఒక చెయ్యి నేలకి ఆనించి, ఒక కాలు మడిచి ఇల్లంతా దేకుతుంది. చాప మీద ఉంటే చాపతో సహా వంటింటి గుమ్మం దాకా వచ్చేస్తుంది. మా అపార్టుమెంటు అమ్మల వాట్సాప్ గ్రూపులో చేరేదాకా ఇదంతా నాకు ముచ్చటగానే ఉండేది. అక్కడ నలభై మందిమి. పొద్దున లేస్తే "మావాడు 9 నెలలకే అడుగులేశాడు", "మాది అప్పుడే అత్త, తాత, బువ్వ అంటోంది". నిన్న ఒకావిడ వీడియో పెట్టి, "మీ పిల్లలు ఎన్నో నెలలో నడిచారో చెప్పండి" అంది. చూస్తుండగానే ముప్పై జవాబులు. నేను ఫోను బోర్లించి పెట్టి పాల గిన్నె ముందు నిలబడ్డాను. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయేదాకా నాకు తెలీలేదు.

అడిగేదేంటంటే, ఇలా నెలలు లెక్కగట్టి చెప్పుకోవడం వల్ల ఎవరికైనా మేలుందా? మానేద్దామని గ్రూపులో అందామనుకుంటున్నా. అసూయ అంటారేమో. అన్నా సరే, మొహమాటం లేకుండా చెప్పండి.

అరిసెల_అమ్మమ్మ
చెప్పుకోవడం ఫోన్లతో వచ్చిందేం కాదు తల్లీ. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. ఊరందరికీ చెప్పి, నోరు తీపి చేసి మరీ చెప్పేవాళ్ళం. మా పెద్ద మనవడికి నట్టింట్లో అరిసెలు వరసగా పేర్చి వాటి మీద నడిపించాం. మూడో అరిసె మీద జిడ్డుకి కాలు జారి కూలబడ్డాడు. ఏడుపు మొదలెట్టి, చేతికంటిన నువ్వులూ బెల్లం నాకి, ఏడుపు మానేశాడు. మా వీధిలో అరిసెలు తిన్నవాళ్ళెవరూ "ఎన్నో నెల?" అని అడగలేదు. పాకం కుదిరిందా లేదా అన్నదే గొడవ. సంబరం మానమనకు. ఆ నెల సంఖ్య ఒక్కటి మానండి, చాలు.

గోడపట్టుకున్న_నాన్న
అడగలేదంటారా అమ్మమ్మగారూ? మా అన్నయ్య పదో నెలలో పరిగెత్తాడనీ, నేను పద్నాలుగో నెల దాకా గోడ వదల్లేదనీ మా అమ్మ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంది. నాకు 38 ఏళ్ళు. గోడ వదిలేసి చాలాకాలమైంది.

కొత్తమ్మగారికి ఒక మాట. ఆ ముప్పై జవాబులూ ఎవరివో చూశారా? తొందరగా నడిచిన పిల్లల తల్లులవే. ఆలస్యమైన వాళ్ళ అమ్మలు మీలాగే ఫోను బోర్లించి పెట్టుంటారు. వాళ్ళ లెక్క ఎక్కడా కనబడదు. ముందొచ్చిన వాళ్ళే చేతులెత్తే క్లాసులో మార్కుల సగటు తీసినట్టుంటుంది వ్యవహారం. అందుకే నా ఓటు మానేయమనే.

పిల్లల_ఫిజియో
నేను చిన్నపిల్లల ఫిజియోథెరపిస్టుని, పదేళ్ళ పైమాటే. గ్రూపులో చెప్పే నెల తప్పు కాదు, కానీ ఆ ఒక్క నెలా చెబితే సగమే చెప్పినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక అధ్యయనం ఫలితాలు ఇచ్చింది. ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని ఏడాది దాకా నెలనెలా, ఆ తర్వాత రెండు నెలలకోసారి చూసి రాసిన లెక్క అది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలున్నారు. అందులో ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా జరిగింది. ఎవరి సాయం లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 మధ్య. అంటే మీ గ్రూపులోని 9 నెలల హీరో, 17 నెలలకి నడిచే ఇంకో పిల్ల, ఇద్దరూ ఒకే గీత లోపల ఉన్నారు. రెండు చివర్ల మధ్య తొమ్మిది నెలల దూరం! బిడ్డ కడుపులో ఉండేంత కాలం.

ఇంకోటి. ఆ పిల్లల్లో నూటికి నలుగురికి పైగా అసలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. మీ పాపలా దేకే పిల్లలు నడకకి కాస్త ఆలస్యంగా రావడం మామూలే, చాలాసార్లు అది వంశంలో ఉంటుంది. మీ అత్తగారిని ఒకసారి అడిగి చూడండి.

అలాగని ఇక్కడ చదివి ఊరుకోకండి. పట్టుకుని నిలబెడితే కాళ్ళ మీద బరువు మోపుతోందా? రెండు చేతులూ ఒకేలా వాడుతోందా? ఏడాది నిండకముందే ఒక చేత్తోనే అన్నీ అందుకుంటుంటే చూపించాలి. 18 నెలలు నిండినా నడవకపోతే తప్పకుండా చూపించాలి. అంతకుముందు చేతనైన పని ఏదైనా పాప మర్చిపోతే, వయసు ఎంతైనా సరే, ఆ వారమే వెళ్ళాలి.

రాణి_మదర్
వాకర్ కొనండి అక్కా, మావాడు పదిహేను రోజుల్లో పరుగే పరుగు.

పిల్లల_ఫిజియో
దయచేసి కొనొద్దు. వాకర్‌లో పిల్లలు మునివేళ్ళ మీద నెట్టుకుంటూ పోతారు. అది నడక నేర్పదు, కొందరికి ఇంకా ఆలస్యం చేస్తుంది. మెట్ల మీంచి పడిన కేసులు నేనే చూశాను. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఆ డబ్బుతో బెల్లం కొని అమ్మమ్మగారికి ఇవ్వండి.

కరీంనగర్_బాపు
అందరూ పోల్చుకునుడు తప్పు అంటున్నరు గదా, నేను రివర్స్ చెప్తున్న. మా చిన్నోడు పుట్టినప్పుడు చెవుల పరీక్ష ఎవ్వరూ చెయ్యలె, మేమూ అడగలె. మూణ్నాలుగు నెలల్ల మంచిగ "ఉంగా ఉంగా" అన్నడు. ఆర్నెల్లు దాటినంక గది గూడ తగ్గింది. చుట్టాల గ్రూపుల అడిగితే "మగపిల్లలు లేటే", "వాళ్ళ తాతకు గూడ మూడేండ్లకు మాటలొచ్చినయ్", "ఫికర్ చెయ్యకు తమ్మీ" అని అందరూ ధైర్యమే చెప్పిన్రు. గా ధైర్యమే మమ్ముల ముంచింది.

ఒకరోజు మా మరదలు వాళ్ళ పాప వీడియో పంపింది. మావాడి కంటె నెల చిన్నది. ఎనక నుంచి పేరు పెట్టి పిలిస్తే గిర్రున తిరిగి చూస్తున్నది. నేను వంటింట్ల స్టీలు పళ్ళెం తీస్కొని మావాడి ఎనక నిలబడి నేలకేసి కొట్టిన. మా ఆవిడ ఉలిక్కిపడ్డది. పక్కింటి కుక్క మొరిగింది. వాడు చేతుల ఉన్న ప్లాస్టిక్ గిలక్కాయ సప్పరిచ్చుకుంట కూసున్నడు.

తెల్లారి పోయినం. బెరా టెస్టు (చప్పుడు చెవి నుంచి మెదడు దాకా పోతున్నదా అని చూసేది) చేసిన్రు, రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ అన్నరు. వినవడని పిల్లలు గూడ మొదట్ల ఉంగా అంటరట, మాకేం తెలుసు? పుట్టిన నెలల పరీక్ష, మూణ్నెల్లల్ల రోగ నిర్ధారణ, ఆర్నెల్లల్ల చికిత్స షురూ గావాలె అని డాక్టరు చెప్పిండు. మేము పోయేసరికి పదకొండో నెల. ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకున్నడు, థెరపీ నడుస్తున్నది, "నాన్న" అంటడు. గా వీడియో రాకపోతే ఇంకెన్ని నెలలు పోతుండెనో. పెట్టుకోండి వీడియోలు, పోల్చుకోండి. "ఏం కాదు" అనే మాటే బంద్ పెట్టాలె.

గోడపట్టుకున్న_నాన్న
అన్నా, పొద్దున మానేయమని రాసినవాణ్ణి. ఇది చదివాక ఆ మాట అంత గట్టిగా అనలేను.

ముప్పైరెండు_వారాలు
నాకు బాబు 32 వారాలకే పుట్టాడు. ఎనిమిది వారాలు ముందు. డాక్టరు రెండేళ్ళ దాకా ఆ ఎనిమిది వారాలు తీసేసి లెక్క వేయమన్నారు. ఇది గ్రూపులో ప్రతిసారీ ఎవరికని చెప్పను? "ఎన్ని నెలలు?" అంటే ఒక సంఖ్య, "ఇంకా కూర్చోలేదా?" అంటే ఇంకో సంఖ్య. ఐసీయూ కథంతా విప్పి చెప్పాల్సొస్తుంది. అందుకే ఆ గ్రూపు వదిలేశాను. కరీంనగర్ అన్న చెప్పింది నిజమే కానీ, ఆయనకి పనికొచ్చింది ఒక్క వీడియో. నాకు రోజూ నలభై వచ్చేవి.

ఫ్రిస్కో_అమ్మలు
ఇక్కడ మా పిల్లల డాక్టరు దగ్గర ఒక చెక్‌లిస్టు ఇస్తారు, సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళది. 2022లో దాన్ని మార్చారు. అంతకుముందు సగం మంది పిల్లలు ఏ వయసుకి చేస్తారో ఆ వయసు రాసేవాళ్ళు, అంటే మిగతా సగం మంది అమ్మలకి బెంగ. ఇప్పుడు నూటికి 75 మంది చేసే వయసు రాస్తున్నారు. పాకడాన్ని జాబితాలోంచి తీసేశారు. నాకు చాలా ఊరట. నెలలు చెప్పుకోవాలంటే ఆ కాగితం దగ్గర పెట్టుకుని చెప్పుకుంటే సరి.

పిల్లల_ఫిజియో
పాకడం తీసేయడం మాలో చాలామందికి నచ్చలేదు, నాతో సహా. తప్పనిసరి మెట్టు కాదన్నది ఒప్పుకుంటా. కానీ పాకే పిల్లని చూస్తే నడుం బలం, రెండు వైపులా సమంగా కదలడం, అన్నీ ఒకేసారి తెలిసిపోతాయి. చూడటమే మానేస్తే ఎలా? సరే, ఇది వేరే పెద్ద గొడవ.

అంగన్వాడీ_టీచరమ్మ
అమెరికా కాగితం దాకా ఎందుకండీ, టీకాల కోసం మీ దగ్గరున్న తల్లీబిడ్డ కార్డు తిప్పి చూడండి. ఏ వయసుకి ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. మా సెంటరులో సగం కార్డుల్లో ఆ పేజీ కొత్తగానే ఉంటుంది, టీకా పేజీ మాత్రం నలిగిపోయి ఉంటుంది. అనుమానం ఉన్న పిల్లల్ని మేం ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) టీముకి చూపిస్తాం. 2013లో మొదలైంది ఆ పథకం. అక్కణ్ణుంచి జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టి చికిత్స చేసే కేంద్రం) పంపుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రాణి_మదర్
నెలలు సంగతేమో గానీ, బట్టల్లేకుండా స్నానం వీడియోలు పెట్టేవాళ్ళకి ముందు ఎవరైనా చెప్పండి బాబూ. ఆ పిల్లాడికి పదిహేనేళ్ళు వచ్చాక చూస్తే ఏమనుకుంటాడు?

అరిసెల_అమ్మమ్మ
కరీంనగర్ బాబూ, నేను కూడా మా చెల్లెలి మనవడి విషయంలో "ఏం కాదు, వస్తాయిలే మాటలు" అన్నదాన్నే. వాడికి వచ్చాయి, నా నోరు దక్కింది. ఇక మీదట అనను. కానీ చూడు నాయనా, అందరూ డాక్టర్ల భాషలో మాట్లాడితే చంటిపిల్లల తల్లులు ఎవరితో నవ్వుతారు?

కొత్తమ్మ_మియాపూర్
అందరికీ థాంక్స్. రెండు కబుర్లు.

మా అత్తగారిని అడిగాను. కాసేపు ఆలోచించి, "మీ ఆయనా ఇంతే, పిర్రల మీద దేకి దేకి మూడు నిక్కర్లు చింపాడు, ఏడాదిన్నర దాటాకే నిలబడ్డాడు" అన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వడిగితేగా" అన్నారు. మా ఆయన మొహం చూడాలి.

అయినా నిన్న డాక్టరుకి చూపించాం. కింద కూర్చోబెట్టి ఆడించారు, నిలబెట్టి చూశారు, వెనక నుంచి గంట మోగించారు (పాప తిరిగింది, నేను కరీంనగర్ అన్నని తలుచుకున్నాను). కాళ్ళ బరువు బాగానే మోపుతోందన్నారు. సోఫా మీద బొమ్మలు పెట్టి, పట్టుకుని లేచేలా ఆడించమన్నారు. రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

గ్రూపులో మానేయమని అనలేదు. "మా పాపకి 13 నెలలు, ఇంకా దేకుతోంది" అని వీడియో పెట్టాను, చాపతో సహా వస్తున్నది. గంటలో ముగ్గురు విడిగా మెసేజ్ చేశారు. ఒకావిడ కొడుక్కి 16 నెలలట, ఇంకా సోఫా అంచు వదలడం లేదట. మా పై ఫ్లోరే. ఏడాదిగా లిఫ్టులో కలుస్తున్నాం.

అరిసెల_అమ్మమ్మ
అయితే ఆవిడకీ కలిపి బియ్యం నానబోస్తాను. తేదీ మీ పిల్లలే చెబుతారు.