నాక్సోస్ దీవిలో స్కూటర్ మీద ఇద్దరం: లైసెన్సు, గాలి, దారుల గురించి చెప్పండి

మానేరు గట్టు (మ్యూనిక్), జూన్ 2

నమస్కారం. ఈ నెలాఖరులో మేమిద్దరం ఆరు రోజులు గ్రీసులోని నాక్సోస్ దీవికి వెళ్తున్నాం. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడకు టికెట్లు తీసుకున్నాం. కారు వద్దు, స్కూటర్ మీదే తిరుగుదామని మా ఆవిడ పట్టుబట్టింది. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్ళూ తను స్కూటర్ మీదే కాలేజీకి వెళ్ళింది. జర్మనీకి వచ్చాక మాత్రం ఇద్దరం రెండు చక్రాల బండి ముట్టలేదు. ఇద్దరి దగ్గరా ఇక్కడి బి లైసెన్సు, అంటే కారు లైసెన్సు ఉంది. దాంతో 125 సీసీ బండి నడపవచ్చా? ఇద్దరికీ ఒకటి సరిపోతుందా? తీరాల దాకా మంచి రోడ్డు ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి మీ అనుభవం చెప్పండి.

ఉప్పుటేరు (డ్యూసెల్‌డార్ఫ్), జూన్ 2

ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి, తక్కినవన్నీ దాని తర్వాతే. జర్మన్ బి లైసెన్సులో ఏఎం తరగతి కలిసే ఉంటుంది. కార్డు వెనుక వైపు చూడండి. దానితో 50 సీసీ వరకు, గంటకు 45 కిలోమీటర్ల వేగం దాటని బండి నడపవచ్చు. అది గ్రీసులోనూ చెల్లుతుంది. 125 సీసీ నడపాలంటే ఏ1 తరగతి లైసెన్సు కావాలి. కొందరు జర్మనీలో అదనపు శిక్షణ తీసుకుని బి196 అని రాయించుకుంటారు కానీ అది జర్మనీ సరిహద్దు దాటితే పనికిరాదు. ఇటలీలో బి ఉంటే 125 నడపవచ్చని విని గ్రీసులోనూ అంతే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ దేశం వెసులుబాటు ఆ దేశం వరకే.

దుకాణంవాళ్ళు చూసీ చూడనట్టు 125 ఇచ్చేయవచ్చు. తీసుకోకండి. ఏదైనా జరిగిన రోజున బీమావాళ్ళు మొదట అడిగేది ఆ కార్డే.

మొల్లపూలు (హైదరాబాద్), జూన్ 3

నేను భారత్ నుంచి వెళ్ళాను కాబట్టి ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. ఆర్టీవోలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అది చేతికి రాగానే తెరిచి, ద్విచక్ర వాహనాల తరగతి దగ్గర ముద్ర పడిందో లేదో చూసుకోండి. కారు దగ్గర మాత్రమే ముద్ర ఉంటే స్కూటర్‌కు అది ఉత్త కాగితమే.

నేను తిరిగింది గ్రీసులోనే మీలోస్ దీవి. అక్కడ పడ్డాను, ఎలా పడ్డానో చెబుతాను. దీవి దక్షిణాన త్సిగ్రాదో అని ఒక చిన్న తీరం ఉంది. కొండ చీలికలో తాడు పట్టుకుని, నిచ్చెన మీద దిగాలి. అక్కడికి బయలుదేరాను. తారు రోడ్డు అయిపోయి మట్టి దారి మొదలైంది, పైన సన్నటి కంకర. ఎదురుగా కారు వస్తుంటే భయపడి కుడిచేతి బ్రేకు, అంటే ముందు చక్రం బ్రేకు, గట్టిగా పట్టేశాను. చక్రం పక్కకు జారింది. నేను నడుస్తున్నంత వేగంలోనే ఉన్నాను, అయినా మోకాలు, అరచేయి చెక్కుకుపోయాయి. కంకర రాళ్ళు చర్మంలో గుచ్చుకుని ఉండిపోయాయి. ఆరోగ్య కేంద్రంలో నర్సు వాటిని ఒక్కొక్కటిగా పట్టకారుతో తీసింది. బండి పక్క డొప్ప పగిలింది. మట్టి దారిలో జరిగిన నష్టానికి బీమా వర్తించదని ఒప్పంద పత్రంలో ఉంది, నేను చదవకుండానే సంతకం పెట్టాను. మొత్తం డబ్బు నేనే కట్టాను.

కంకర మీద కుడిచేతి బ్రేకు జోలికి వెళ్ళకండి. ఎడమచేతిది మెల్లగా నొక్కండి, అంతకంటే ముందే వేగం తగ్గించుకోండి. తారు ఎక్కడ ఆగిపోతే అక్కడ బండి ఆపి నడిచిపోండి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

అయినా మీలోస్ మీద ప్రేమ తగ్గలేదు. సారాకినికోలో తెల్లటి అగ్నిపర్వత శిల, మీద ఒక్క మొక్క ఉండదు, మీగడ గట్టిపడినట్టు నున్నగా ఉంటుంది. తెల్లవారి ఆరున్నరకు వెళ్ళాను. నేను, నా బండి, కింద నీళ్ళ చప్పుడు. ఆ గంటసేపటి కోసం మళ్ళీ వెళ్తాను.

బొబ్బిలి వీణ (డబ్లిన్), జూన్ 3

నాక్సోస్‌కు నేను మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు స్కూటర్, ఒకసారి మా అమ్మగారితో కారు. కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తాను.

సైక్లడీస్ అనే గ్రీకు దీవుల గుంపులో పెద్దది నాక్సోస్, విస్తీర్ణం దాదాపు 430 చదరపు కిలోమీటర్లు. అంటే 50 సీసీ మీద దీవి మొత్తం చుట్టాలని చూడకండి. మీకు కావాల్సింది పడమటి తీరం. ఓడ దిగే ఊరు ఖోరా. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్తుంటే ఆయియోస్ ప్రోకోపియోస్, ఆయియా అన్నా, ప్లాకా వరుసగా తగులుతాయి. దారి దాదాపు చదును, ప్లాకా దాకా పది కిలోమీటర్ల లోపే. ఇద్దరు కూర్చున్నా 50 సీసీ హాయిగా లాగుతుంది. ప్లాకా పొడవునా బంగారు రంగు ఇసుక, ఎంత నడిచినా తరగదు. దాని వెనక మట్టి దారి మీద ఇసుక పేరుకుని ఉంటుంది, మొల్లపూలు గారు చెప్పిన జాగ్రత్త అక్కడ గుర్తు పెట్టుకోండి. ఇంకా దిగువకు వెళ్తే మిక్రీ విగ్లా, కాస్త్రాకి, అలీకో. అలీకోలో జునిపర్ చెట్ల మధ్య ఇసుక దిబ్బలు, వాటి కింద చిన్న చిన్న తీరాలు. మా ఇంట్లో అందరికీ ఆయియోస్ ప్రోకోపియోస్ ఇష్టం, నాకు మాత్రం అలీకోయే. కుర్చీలు, గొడుగులు అద్దెకిచ్చే సందడి లేదు.

ఇక గాలి. ఎండాకాలంలో ఉత్తరం నుంచి మెల్టేమి అనే గాలి వీస్తుంది. జూలై, ఆగస్టులలో దాని జోరు ఎక్కువ, జూన్ చివర్లోనూ తగలవచ్చు. మధ్యాహ్నానికి పెరుగుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. రెండు గుట్టల మధ్య ఖాళీలోకి రాగానే పక్క నుంచి ఒక్కసారిగా కొడుతుంది, తేలిక బండి అడుగు దూరం జరిగిపోతుంది. హ్యాండిల్‌ను బిగబట్టకండి, మీ వైపు దారి మధ్యలో బండి నడపండి, ఎదుటి వాహనానికి చోటు ముందే వదలండి. ఎక్కడికి వెళ్ళాలో అక్కడివాళ్ళు పొద్దున గాలి చూసే తేల్చుకుంటారు. ఉత్తరపు గాలి ఉన్న రోజు దక్షిణం వైపు తిరిగి ఉన్న తీరాలు, దక్షిణపు గాలి ఉంటే ఉత్తరపువి. మిక్రీ విగ్లాలో గాలిపటం కట్టుకుని నీళ్ళమీద జారే ఆటగాళ్ళంతా చేరేది ఈ గాలి కోసమే. అదే రోజు మీరు అక్కడ పడుకుంటే ఇసుక ముఖాన సూదుల్లా గుచ్చుకుంటుంది.

కొండల్లోకి మాత్రం 50 సీసీ మీద ఇద్దరు వెళ్ళకండి. సైక్లడీస్‌లోకెల్లా ఎత్తయిన జాస్ శిఖరం ఈ దీవిలోనే ఉంది, వెయ్యి మీటర్లు. దాని పక్క నుంచే ఫిలోటి, అపీరాంథోస్ ఊళ్ళకు దారి. పాలరాయి పరిచిన సందులతో అపీరాంథోస్ చాలా అందంగా ఉంటుంది, చూడకుండా రావద్దు. బస్సులో వెళ్ళండి. ఖోరా రేవు దగ్గరే కేటెల్ బస్సులు ఆగుతాయి.

అరకు దారి (పుణె), జూన్ 4

పెట్రోలు ఖోరాలోనే నింపుకోండి. లోపలి ఊళ్ళలో బంకులు తక్కువ. ఆపదలో ఫోను చేయాల్సిన సంఖ్య 112, యూరప్ అంతటా అదే.

గడపలో ముగ్గు (మ్యూనిక్), జూన్ 4

ఆ పట్టుబట్టిన మనిషిని నేనే. అందరికీ ధన్యవాదాలు. కారులో కూర్చుంటే అద్దం బయట ఊరు వెళ్ళిపోతుంది. స్కూటర్ మీద ఉంటే ఎవరింట్లో ఏం వేయిస్తున్నారో కూడా తెలుస్తుంది. కరీంనగర్‌లో నాకు దారులు అలాగే గుర్తు. అందుకే అడిగాను.

నా భయం ఒక్కటే: కుడివైపు నడపడం. కారులో అలవాటైంది, స్కూటర్ ఎక్కగానే చేతులు పాత అలవాటుకు వెళ్ళిపోతాయేమో.

బొబ్బిలి వీణ (డబ్లిన్), జూన్ 4

మంచి ప్రశ్న అడిగారు. వాహనాలు ఉన్నప్పుడు తప్పు జరగదు, ముందున్నవాళ్ళను చూసి వెళ్ళిపోతాం. ప్రమాదం ఖాళీ రోడ్డు మీదే. తీరం దగ్గర ఆపిన బండి తీసి పొద్దున్నే ఎవరూ లేని దారిలోకి వచ్చినప్పుడు నేను ఎడమవైపుకు వెళ్ళిపోయాను, రెండుసార్లు. బండి తీసిన ప్రతిసారీ వెనక కూర్చున్నవారు "కుడి" అని పైకి చెప్పాలని మేము నియమం పెట్టుకున్నాం.

ఇంకొకటి. వెనక కూర్చున్నవారు కుడివైపున దిగకూడదు. సైలెన్సర్ అటే ఉంటుంది. నిక్కరు వేసుకుని తడి కాళ్ళతో దిగితే పిక్క అంటుకుపోతుంది. నా కుడి పిక్క మీద బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది.

శంఖుపూవు (మాల్టా), జూన్ 5

నేను ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. కుడి, ఎడమ బెంగ ఉన్నవాళ్ళు మాల్టా గురించి ఆలోచించండి. ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉండటం వల్ల ఇక్కడ మనలాగే ఎడమవైపు నడుపుతారు. సైప్రస్‌లోనూ అంతే. మాల్టా పెద్ద దీవిలో రద్దీ ఎక్కువ, స్కూటర్‌కు నేను సిఫారసు చేయను. పక్కనున్న గోజో మాత్రం అందుకే పుట్టినట్టుంటుంది. మొత్తం 67 చదరపు కిలోమీటర్లు. మాల్టాలోని చిర్కెవ్వా రేవు నుంచి పడవలో 25 నిమిషాలు. పోయేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే డబ్బు తీసుకుంటారు.

గోజోలోని రమ్లా తీరంలో ఇసుక ఎర్రమట్టి రంగులో ఉంటుంది, నాకు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి. ద్వెయ్‌రాలో రాతి కిటికీ అనే సముద్రపు రాతి కమాను 2017 మార్చిలో తుఫాను గాలికి కూలిపోయింది. కానీ అక్కడి లోపలి సముద్రం అనే ఉప్పునీటి మడుగు, కొండ సొరంగం గుండా బయటికి వెళ్ళే చిన్న పడవలు అలాగే ఉన్నాయి. శాన్ బ్లాస్ తీరానికి వెళ్ళే వాలు చాలా నిటారు, పైనే బండి పెట్టి నడవండి. రోడ్లమీద గుంతలు ఉంటాయి, చూసుకోవాలి.

ఉప్పుటేరు (డ్యూసెల్‌డార్ఫ్), జూన్ 5

బండి తీసుకునేటప్పుడు దుకాణం మనిషి ఎదుటే చుట్టూ తిరిగి వీడియో తీయండి. హెల్మెట్ పట్టీ బిగిసి కూర్చుంటుందో లేదో అక్కడే చూడండి. వదులుగా ఉంటే ఇంకోటి అడగండి, మొహమాటపడకండి. వెనక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి.

మానేరు గట్టు (మ్యూనిక్), జూలై 5

నిన్ననే తిరిగివచ్చాం. మీ అందరి మాటా విన్నాం. ఒక్క 50 సీసీ బండి, పడమటి తీరం వరకే. మొదటి దుకాణంలో బి లైసెన్సు చూసి కూడా 125 తాళం చేతిలో పెట్టబోయారు. వద్దని చెప్పి రెండో దుకాణానికి వెళ్ళాం.

మూడో రోజు గాలి బాగా లేచింది. ఆ రోజు బండి తీయలేదు. బస్సెక్కి అపీరాంథోస్ వెళ్ళాం. సాయంత్రం పోర్టారా దగ్గర కూర్చున్నాం. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో అపోలోకు గుడి మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే పాలరాతి ద్వారం ఒక్కటే మిగిలింది. లేపాక్షిలో పూర్తికాని కల్యాణ మండపం ముందు నిలబడ్డప్పుడు ఎలా అనిపించిందో సరిగ్గా అలాగే అనిపించింది. కట్టినవాళ్ళు ఇప్పుడే భోజనానికి వెళ్ళినట్టు.

గడపలో ముగ్గు (మ్యూనిక్), జూలై 5

నడిపింది ఎక్కువగా నేనే. మీరు చెప్పనివి రెండు నేర్చుకున్నాను. ఇసుక నేల మీద స్టాండు వేస్తే అది మెల్లగా దిగబడి బండి పడిపోతుంది. పక్క బండి పడితే చూశాం. తీరానికి వచ్చే ఒక పెద్దాయన తన స్టాండు కింద పెట్టుకునే చదును రాయిని మాకూ ఒకటి వెతికి ఇచ్చాడు. ఆరు రోజులూ దాన్ని డిక్కీలో పెట్టుకుని తిరిగాం. రెండోది, గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు. హ్యాండిల్ పట్టుకున్న నా చేతుల వెనక వైపు మణికట్టు దాకా కమిలిపోయింది. సన్నటి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

అలీకోకు పొద్దున ఏడింటికి వెళ్ళాం. చెట్ల దగ్గర బండి ఆపగానే ఇంజను చప్పుడు పోయి మేకల మెడ గంటలు వినబడ్డాయి, మేకలు మాత్రం కనబడలేదు. జునిపర్ వాసన, కింద ఎవరూ లేని నీళ్ళు. ఆయన కుడి అని చెప్పడం ఒక్కసారి కూడా మరవలేదు.

శంఖుపూవు గారూ, అక్టోబరులో నాకు వారం సెలవు ఉంది. అప్పటికి గోజోలో నీళ్ళు ఈతకు చల్లబడిపోతాయా?

శంఖుపూవు (మాల్టా), జూలై 6

చల్లబడవు, వేసవి వేడి సముద్రంలో ఇంకా నిలిచే ఉంటుంది. కాకపోతే వానలు అప్పుడే మొదలవుతాయి. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద మొదటి వాన పడితే సబ్బు పూసినట్టు జారుతుంది. ఆ రోజు బండి తీయకుండా నాకు ఫోను చేయండి, డ్యూటీ లేకపోతే నా కారులో రమ్లాకు తీసుకెళ్తాను.