డ్రైవ్‌వే కాంక్రీటు: లారీ వచ్చిన రోజు ఏం చూడాల?

తిరుపతి, కొర్లగుంట (ఇప్పుడు మిషిగన్, కొత్తగా వచ్చాం)
అన్నలకూ అక్కలకూ నమస్తే. ఇంటి ముందు పాత డ్రైవ్‌వే పగలగొట్టించి కొత్తది పోయిస్తున్నాం. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం. కాంట్రాక్టరు "4000 పీఎస్ఐ, ఎయిర్ 6 శాతం, స్లంప్ 4 అంగుళాలు" అని రాసిచ్చాడు (చదరపు అంగుళానికి పౌండ్లలో బలం, లోపలి గాలి, మాలు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత అంట). ఊర్లో మేస్త్రి మాలు చేత్తో పట్టి చూసి చెప్పేవాడు. ఇక్కడ టెస్టింగ్ మనిషిని పిలిపించాల్నా?

చంద్రగిరి
పిలిపించు తమ్ముడూ. ఏసీఐ (అమెరికా కాంక్రీటు సంస్థ) వాళ్ల ఫీల్డ్ టెస్టింగ్ గ్రేడ్ 1 సర్టిఫికెట్ ఉందా అని ముందే అడుగు. నీకు రాసిచ్చినదాంట్లో 4000 కంటే ఆ 6 శాతమే ముఖ్యం. తిరుపతిలో గడ్డకట్టే చలి లేదు గనక గాలి సంగతి ఎవరికీ పట్టదు. ఇక్కడ చలికాలంలో కాంక్రీటు లోపలి నీళ్లు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఉబ్బడానికి చోటు లేకుంటే పైపొర పెచ్చులుగా లేచిపోతుంది. ఆ చోటు కోసమే మందు కలిపి సన్నసన్న బుడగలు పుట్టిస్తారు. ముప్పావు అంగుళం జల్లికి 6 శాతం, ఒకటిన్నర అటూ ఇటూ ఒప్పుకుంటారు. 4.5 కంటే తక్కువ చూపిస్తే ఆ మాలు నీ వాకిట్లో పడనీయొద్దు. మరీ ఎక్కువైనా చెరుపే, ఒక్కో శాతానికి బలం సుమారు 5 శాతం తగ్గుతుంది.

మొట్టమొదట జారిన మాలుతో టెస్ట్ చేయకూడదు. కనీసం పావు క్యూబిక్ యార్డు పోయాక తోపుడు బండిలోకి పట్టి, పారతో తిరగేసి కలపాల. పట్టిన 5 నిమిషాల్లో స్లంప్, ఎయిర్, ఉష్ణోగ్రత మొదలుపెట్టాల. బలం పరీక్షకు పోసే సిలిండర్లకు మాత్రం లోడు నడిమి భాగంలోంచే పట్టాల.

స్లంప్ అంటే కోన్‌లో మాలు నింపి, కోన్ లేపేశాక మాలు ఎంత కిందికి దిగిందో ఆ కొలత. కోన్ ఎత్తు 12 అంగుళాలు, అడుగున 8, పైన 4. మూడు పొరలు సమానంగా ఉండాల్సింది పరిమాణంలో, ఎత్తులో కాదు. అడుగు వెడల్పు గనక మొదటి పొర 2⅝ అంగుళాలకే, రెండోది 6⅛కి ఆగిపోతుంది. చాలామంది 4, 4, 4 అని నింపేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. పొరకు కడ్డీతో 25 పోట్లు. కోన్‌ను మెలితిప్పకుండా 5 సెకన్లలో నేరుగా పైకి లేపాల. మొదలు నుంచి చివరిదాకా రెండున్నర నిమిషాలు దాటకూడదు. ఒక పక్కకు విరిగి పడితే ఆ కొలత పనికిరాదు, మళ్లీ వేరే మాలుతో చేయాల.

ఎయిర్ మీటర్ దగ్గర మాత్రం పక్కనే నిలబడి చూడు. మాలు నింపిన గిన్నె అంచు మీద ఒక్క ఇసుక రేణువున్నా మూత సరిగ్గా కూర్చోదు, గాలి కారి కొలత తప్పు చూపిస్తుంది. అంచు తుడిచి, మూత బిగించి, రెండు చిన్న కుళాయిలూ తెరవాల. రబ్బరు బుడ్డితో ఒకదాంట్లో నీళ్లు ఎక్కిస్తుంటే రెండోదాంట్లోంచి బుడగలు లేకుండా నీళ్లు రావాల. గాలి కొట్టి ముల్లును గీత మీద నిలిపి, కుళాయిలు మూసి, అప్పుడు మీట నొక్కాల. నొక్కినప్పుడు గిన్నె పక్కల సుత్తితో గట్టిగా తట్టాల. వచ్చిన అంకెలోంచి జల్లి రాళ్ల లోపలి గాలికి కట్టే సవరణ తీసేయాల. అది తీసేశాడా అని అడుగు.

పలమనేరు
అన్న చెప్పింది సరే, నీళ్ల సంగతి నేను చెప్తా. మాలు గట్టిగా ఉందని పనివాళ్లు నీళ్లు పోయమంటారు. క్యూబిక్ యార్డుకు ఒక గ్యాలన్ పోస్తే స్లంప్ ఒక అంగుళం పెరుగుతుంది, బలం సుమారు 200 పీఎస్ఐ పడిపోతుంది. లారీ చీటీ చూడండి. ఎన్ని గంటలకు కలిపారో, ఇంకా ఎన్ని నీళ్లు పోయొచ్చో అందులో ఉంటుంది. పోస్తే మాలు దించడానికి ముందే పోయాల, తర్వాత డ్రమ్ము కనీసం 30 చుట్లు తిరగాల. టెస్ట్ అయిపోయాక నీళ్లు పోస్తే ఆ టెస్ట్ చెల్లదు, మళ్లీ చేయించండి.

మీ లెక్కకు 9.9 యార్డులు, పది శాతం కలుపుకుంటే 11. ఒక లారీలో పట్టేది సుమారు 10. అంటే రెండో లారీ వస్తుంది. దానికీ టెస్ట్ చేయాలని ముందే చెప్పి పెట్టండి, లేకుంటే ల్యాబ్ మనిషి మొదటి లారీకే సర్దుకుని వెళ్లిపోతాడు.

పుత్తూరు
ఇంటి దగ్గర ఎం25 గ్రేడు కాంక్రీటు అంటే 150 మిల్లీమీటర్ల క్యూబ్ బలం. ఇక్కడ సిలిండర్. అదే కాంక్రీటుకు సిలిండర్ బలం క్యూబ్‌లో దాదాపు 80 శాతమే వస్తుంది. మీ 4000 పీఎస్ఐ మన లెక్కలో ఇంచుమించు ఎం35.

సిలిండర్లను మొదటి 48 గంటలు 60–80 ఫారెన్‌హీట్ మధ్య, కదపకుండా పెట్టాల. చల్లటి గ్యారేజీలో వదిలేస్తే 28 రోజుల బలం తక్కువొచ్చి, తప్పు కాంక్రీటుదో సిలిండర్లదో తేలక గొడవవుతుంది.

ఇంకోటి. పైన నీళ్లు చల్లి తాపీతో రుద్దనివ్వకండి. టెస్ట్‌లో 6 శాతం వచ్చినా పైపొరలో గాలి పోతుంది, పెచ్చులూడేది అక్కడే. పైకి తేలిన నీళ్లు ఆరేదాకా ఆగి చీపురు గీతలు వేస్తే చాలు.

కొర్లగుంట
అందరికీ చాలా థాంక్స్. ఎయిర్ తక్కువొస్తే లారీని వెనక్కి పంపొచ్చా అన్నా?

చంద్రగిరి
వెంటనే కాదు. అదే లారీలోంచి వేరే మాలు పట్టి రెండోసారి చూడాల. అప్పుడూ తక్కువే వస్తే, ప్లాంటు వాళ్లు ఒప్పుకుంటే అక్కడే గాలి మందు కలిపి, 30 చుట్లు తిప్పి, మళ్లీ కొలుస్తారు. కాకుంటే వెనక్కే. కానీ ప్లాంటు దగ్గర కాంక్రీటు కొన్నది నువ్వు కాదు, కాంట్రాక్టరు. లారీని తిప్పి పంపే హక్కు అతనిది. అందుకని ఎయిర్ 4.5–7.5, స్లంప్ 3–5 దాటితే తిప్పి పంపాలనీ, ఆ ఖర్చు నీమీద పడదనీ సంతకానికి ముందే కాగితం మీద రాయించుకో.