ఏఆర్‌టీ (హెచ్ఐవీ) మందులు వాడుతూ గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

మాది పలాస దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. 8 ఏళ్లుగా హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. ఇప్పుడు రోజూ రాత్రి 9కి ఒక టీఎల్‌డీ మాత్ర. ఒక్క పూటా మానలేదు, వైరల్ లోడ్ పరీక్షలో కనపడనంత తక్కువగా ఉంది.

ఈమధ్య గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (గడ్డలు) తేలాయి. నెలలో పది రోజులు రక్తం పోతూనే ఉంటుంది. జీడిపిక్కల పనిలో కూర్చుని లేచేసరికి కింద పరుచుకున్న గోనె తడిసిపోతోంది. ముదురు రంగు చీరలే కడుతున్నాను. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. రక్తం పెరిగాక గర్భసంచి తీసేద్దామన్నారు డాక్టరమ్మ. అంతకుముందు ఒకచోట నా ఏఆర్‌టీ పుస్తకం చూసి వేరే ఊరు పొమ్మన్నారు. హెచ్ఐవీ ఉందని వైద్యం కాదనకూడదని 2017 చట్టం ఉందట, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే చెప్పారు.

ఐరన్ మాత్ర టీఎల్‌డీని ఒంటికి సరిగా పట్టనివ్వదని పొద్దున్నే వేసుకుంటున్నాను.

ఆపరేషన్ రోజు మంచినీళ్లు కూడా తాగొద్దంటారు కదా, ఆ రాత్రి మాత్ర మీరెలా వేసుకున్నారు? డాక్టరు ముందే ఏం చెప్పారు? కుట్లు మానడానికి ఎన్నాళ్లు పట్టింది? మళ్లీ కింద కూర్చుని పని ఎప్పుడు చేయగలిగారు?

ఇంకొకటి. వార్డులో తోడుండేది మా ఆడపడుచు. ఆవిడకి నా సంగతి తెలీదు. ఇంట్లోనైతే డబ్బా గలగలమనకుండా దూది కూరి బియ్యం డ్రమ్ము వెనక పెడతాను. అక్కడెలా? నర్సమ్మ చేతికిస్తే టైముకి ఇస్తారా?

మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి అక్కా, చెల్లీ.