ఫోటోలు ఇంట్లో సర్వర్ మీదా, క్లౌడ్‌లోనా? చెన్నై మిత్రులు చెప్పండి

పెరుంగుడి_పక్షి:
క్లౌడ్‌లో జాగా నిండిపోయింది. నాణ్యత కాస్త తగ్గిస్తే ఎన్ని ఫోటోలైనా ఉచితమని గూగుల్ అలవాటు చేసింది, 2021 జూన్ 1 నుంచి 15 జీబీ ఉచిత జాగా లెక్కలో కలిపేసింది. నెలకింత కట్టడం నాకు బరువేం కాదు. 2022లో బయటికొచ్చిన అమెరికా తండ్రి కథే మనసులోంచి పోవట్లేదు. పిల్లాడి జబ్బు డాక్టరుకి చూపించడానికి ఫోటో తీస్తే, అది పిల్లలపై లైంగిక వేధింపు ఫోటో అనుకుని గూగుల్ ఖాతా మూసేసింది. తప్పేం లేదని పోలీసులు తేల్చినా ఖాతా తిరిగి రాలేదు. రిచీ స్ట్రీట్‌లో పాత మినీ పీసీ, ఒక 4 టీబీ డిస్కు కొని ఫోటోలకి ఇమ్మిచ్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, పాస్‌వర్డులకి వాల్ట్‌వార్డెన్, ఇలా సొంత సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్లు వేద్దామనుకుంటున్నా. మా ఆవిడేమో "వేరే పనేం లేదా" అంటోంది.

ఒంగోలు_గిత్త:
వేసెయ్ అన్నా, మూడేళ్లుగా నడుపుతున్నా. కరెంటు బిల్లని భయపెడతారు, పట్టించుకోకు. 15 వాట్ల డబ్బా రోజంతా నడిచినా రెండు నెలలకి 22 యూనిట్లు. ఇక్కడ ఇళ్లకి రెండు నెలలకి మొదటి 100 యూనిట్లు ఎలాగూ ఉచితం. మొహాలు గుర్తుపట్టడం కూడా ఇమ్మిచ్ ఇంట్లోనే చేసేస్తుంది. చాలా కనెక్షన్లలో సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా ఇంటికి చేరే నెట్ చిరునామా ఉండదు కాబట్టి బయట్నుంచి చూడ్డానికి టెయిల్‌స్కేల్ పెట్టుకో, అది మన ఫోన్నీ సర్వర్‌నీ నెట్ మీద గుట్టుగా కలుపుతుంది.

సూళ్లూరుపేట_లోకల్:
టెయిల్‌స్కేల్‌లోకి దేంతో లాగిన్ అయ్యావు గిత్తా? గూగుల్ ఖాతాతోనా? 😄

ఒంగోలు_గిత్త:
గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్) ఖాతాతో. అదీ మైక్రోసాఫ్ట్‌దే, ఒప్పుకున్నా. కానీ మెషీన్లని కలపడం వరకే వాళ్ల పని. లోపల పోయేదంతా వైర్‌గార్డ్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్షన్, తాళంచెవులు మన మెషీన్లలోనే ఉంటాయి. అదీ వద్దంటే, వాళ్ల సర్వర్ బదులు మనమే నడుపుకునే హెడ్‌స్కేల్ ఉంది.

పాత_సిస్‌అడ్మిన్:
ఆఫీసులో వారమంతా ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ లోపాలకి అతుకులెయ్యడం) చేసి ఆదివారం ఇంట్లోనూ అదే పనా నాయనా? ఒక్క పోర్టు (నెట్ నుంచి సర్వర్‌లోకి వచ్చే దారి) బయటికి తెరిచి, ఎవరు తట్టారో రాసుండే లాగ్ చూడు, గంట తిరక్కుండానే ఎవడెవడో పాస్‌వర్డులు ప్రయత్నిస్తుంటాడు. మెయిల్ సర్వర్ జోలికైతే అసలే పోవద్దు, ఇంటి ఐపీ నుంచి వెళ్లిన ఉత్తరం స్పామ్‌లోకే పోతుంది. మా అక్కయ్యకి, పాలబ్బాయికి ఇవన్నీ ఎవరు పెట్టిస్తారు? వాళ్లకి చట్టమే దిక్కు. పుట్టస్వామి కేసులో 2017లో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కన్నారు, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. గట్టిగా అడగాల్సింది అక్కడ.

సూళ్లూరుపేట_లోకల్:
సార్, అదే చట్టంలో 17వ సెక్షన్ చూశారా? ప్రభుత్వ సంస్థలకి కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చని రాసుంది. అడగండి, వద్దనను. ఈలోపు నా ఫోటోలు నా దగ్గరే ఉండనివ్వండి.

రెండో_అంతస్తు:
నేను వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేదాన్ని. 2023 డిసెంబరు, మిచాంగ్ తుపాను. సర్వర్ టీవీ స్టాండ్ కింది అరలో, బ్యాకప్ డిస్కు దాని పక్కనే. నీళ్లు మోకాలి దాకా వచ్చేసరికి పాపనీ, సర్టిఫికెట్ల సంచినీ ఎత్తుకుని మేడెక్కాం. డబ్బా గుర్తే రాలేదు. నాలుగో రోజు దిగి చూస్తే అరంతా బురద. రెండు కాపీలు ఉన్నాయని ఎంత గర్వపడ్డానో! పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు చివరికి నెల్లూరులో మా అత్తగారి ఫోన్లో దొరికాయి, వాట్సాప్‌లో పంపినవి, సగం మసక.

అయినా మానలేదు. ఇప్పుడు రెండో అంతస్తు, పేరు చూస్తున్నారుగా. రోజూ రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ ఒంగోల్లో మా అన్నయ్య ఇంటికి పోతుంది. మూడు నెలలకోసారి ఒక ఆల్బం అక్కణ్నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూస్తా. ఈ పని ఎవరూ చెయ్యరు. ఫోటోలు ఇమ్మిచ్‌లో మాత్రమే ఉంచొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే రాసుకున్నారు.

పక్షి తమ్ముడూ, ఒక్క మాట. రేపు నీకు ఒంట్లో బాలేక ఆసుపత్రిలో ఉంటే ఆ ఫోటోలు మీ ఆవిడ తెరవగలదా? నేను ఒక కాగితం మీద తెలుగులో అన్నీ రాసి బీరువాలో పెట్టా. మా ఆయన ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు దాన్ని చూసే సర్వర్ లేపాడు. అంతకుముందు ఆయనా "వేరే పనేం లేదా" అన్నవాడే.

పాత_సిస్‌అడ్మిన్:
ఆ కాగితం సంగతి బాగుందమ్మా. ఆఫీసులో నేనే ఎప్పుడూ రాయలేదు.

పెరుంగుడి_పక్షి:
రాత్రి మా ఆవిడకి అక్క పోస్టు చదివి వినిపించా. రెండో డిస్కు గూడూరులో వాళ్ల పుట్టింట్లో పెడితే సరేనంది. ఒకటే చిక్కు, మా మామగారు రాత్రి తొమ్మిదింటికి రౌటర్ ఆపేసి పడుకుంటారు.

రెండో_అంతస్తు:
మా అన్నయ్యా అంతే. బ్యాకప్ పగలు పదకొండింటికి పెట్టుకో.