దోస్తుల గ్రూపులో ముచ్చట్లు బంద్ చేయాలా? మీరేమంటారు

లష్కర్ పోరడు:
మా డిగ్రీ దోస్తుల వాట్సాప్ గ్రూపులో మొన్నటి నుంచి ఒకటే లొల్లి. ఇకమీదట పెళ్లి, చావు, ఆస్పత్రి, ఎక్కడైనా కలుద్దామనే కబురు, ఇవి తప్ప గ్రూపులో ఇంకేం రాయొద్దని ఒకడు రూలు పెడదామన్నాడు. తిన్నావా, ఎక్కడున్నావ్, పంజాగుట్టలో ట్రాఫిక్ చూశావా లాంటివన్నీ బంద్. సగం మంది సరే అన్నారు. నేను ససేమిరా అన్నాను. ఒకడు ఎల్బీనగర్, ఒకడు మియాపూర్, ఇంకొకడు కొంపల్లి, ఉద్యోగాలు, పిల్లల స్కూళ్లు, ఈఎంఐలు, నెలకోసారి కూడా మొహాలు చూసుకోవడం లేదు. ఈ ముచ్చట్లు కూడా తీసేస్తే ఇక గ్రూపులో ఉండేది శుభలేఖలు, సంతాపాలు.

2020 అక్టోబర్‌లో ఊరంతా మునిగిన ఆ రాత్రి గురించి చెప్తా. టోలిచౌకి వైపు ఉండే మావాడు ఉప్మాలో ఉప్పు ఎక్కువైందన్నది కూడా గ్రూపులో రాసే రకం. ఆ రాత్రి అందరం వాన గురించే రాస్తున్నాం, వాడి నుంచి ఒక్క మాట లేదు. "వీడేడిరా" అని ఎవరో అడిగారు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అక్కడికి దగ్గర్లో ఉన్న ఇంకో దోస్తు తమ్ముడిని పంపిస్తే తెలిసింది, కింది పోర్షన్‌లోకి నీళ్లొచ్చి, కరెంటు పోయి, అమ్మానాన్నలతో మేడ మీద కూర్చున్నాడు. వాడు రోజూ వాగుతాడు కాబట్టే ఆ రాత్రి అనుమానం వచ్చింది. ఆర్నెల్లకోసారి రాసేవాడైతే ఎవరు పట్టించుకునేవాళ్లు?

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
అన్నా, నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాను కదా, రూలు పెట్టమనే వైపే. పొద్దున ఏడింటికి క్యాబ్ దిగి పడుకుంటాను. సరిగ్గా అప్పుడే మీ అందరి గుడ్ మార్నింగ్‌లు మొదలవుతాయి. మ్యూట్ పెట్టుకోవచ్చు కదా అంటారు, పెట్టుకున్నాను. ఏమైందో వినండి. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకు ఆపరేషన్, ఓ నెగటివ్ రక్తం కావాలని మధ్యాహ్నం గ్రూపులో పెట్టింది. నాది ఓ నెగటివే. లేచి చూసేసరికి కొన్ని వందల మెసేజ్‌లు, ఏ బిర్యానీ గొప్పదని గొడవ, దాని కింద ఎక్కడో ఆ మెసేజ్. నేను చూసేసరికి సాయంత్రమైంది. వేరే చోట రక్తం దొరికింది కాబట్టి సరిపోయింది, దొరక్కపోయి ఉంటే? మీకు ఆ ముచ్చట్లు తీపిగానే ఉంటాయి, కానీ అసలు మాట వాటి కింద పడిపోతోంది.

మల్కాజ్‌గిరి మామ:
నేను చెప్పేది ఇద్దరికీ నచ్చదేమో. ముచ్చట అనేది ఎదురెదురుగా కూర్చుని పెట్టుకోవాలి. సికింద్రాబాద్‌లో మేం కూర్చునే ఇరానీ హోటల్లో డికాక్షన్ ఒక దేగిసాలో మూత బిగించి సన్న మంట మీద మరిగేది, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగేవి, పోసేటప్పుడే కప్పులో రెండూ కలిసేవి. ఒక పౌనా చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు చెప్పి గంటసేపు కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు. ఎవడి మొహం వాడిపోయిందో అక్కడ ఇట్టే తెలిసేది. ఫోన్లో ఏడుస్తున్నవాడు కూడా నవ్వే బొమ్మ పెడతాడు.

దూరం అంటారా, 2017 నుంచి మెట్రో ఉంది. ఎల్బీనగర్–మియాపూర్ లైను, నాగోలు–రాయదుర్గం లైను రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. కొంపల్లివాళ్లు ప్యారడైజ్ స్టేషన్ దాకా బండి మీద వచ్చి ఎక్కాలి, అంతే కష్టం. ఆదివారం పొద్దున రెండు గంటలు తీయలేని దోస్తానాకు గ్రూపు రూళ్లు ఎందుకయ్యా?

డాలస్ అమ్మాయి:
మామగారూ, నేను ఏ మెట్రో ఎక్కి రావాలి చెప్పండి. ఎండాకాలంలో మీకూ మాకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. నేను నిద్ర లేచేసరికి మీకు సాయంత్రం. కాఫీ తాగుతూ నేను చదివేది మా దోస్తుల గ్రూపే. బోనాలప్పుడు ఒకావిడ వాళ్ల గల్లీలో పోతరాజు ఫొటో పెట్టింది, వెనకాల మా పాత కిరాణా షాపు బోర్డు సగం కనిపించింది, షెట్టర్‌కు కొత్త రంగు వేశారు. ఆ ఫొటోను ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నానో. ముఖ్యమైన కబుర్లు మా అమ్మ ఫోన్లో ఎలాగూ చెప్తుంది. ఇలాంటివి ఎవరు చెప్తారు?

కోఠి పుస్తకాలు:
కోతులు గంటల తరబడి ఒకదాని ఒంటి మీద ఒకటి పేలు చూసుకుంటాయి కదా, శుభ్రత కోసమే కాదు, జట్టు నిలవడానికి కూడా. మనుషుల్లో ఆ పని మాటలు చేస్తాయని రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకుడి వాదన. అందరూ ఒప్పుకున్నదేం కాదు, నాకు మాత్రం నచ్చింది. పనిలేని మాటకు పని ఉందన్నమాట.

అసలు గోల వేరే. గ్రూపును నింపేది ముచ్చట్లు కావు, ఫార్వర్డులు. అందుకే వాట్సాప్‌వాళ్లు 2018లో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా చేశారు, 2020లో బాగా తిరిగిన మెసేజ్‌లకు అది ఒక్క చాట్‌కే తగ్గించారు. సొంతంగా రాసినవే ఉండాలి, ఫార్వర్డులు వద్దు అని రూలు పెట్టండి, సగం చప్పుడు తగ్గుతుంది. నైట్‌షిఫ్ట్ అక్కా, ఇంకోటి, గ్రూపు మ్యూట్‌లో ఉన్నా పేరు ముందు అట్ (@) గుర్తు పెట్టి మిమ్మల్ని పిలిస్తే నోటిఫికేషన్ వస్తుంది.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
వస్తుంది, కానీ పగలు నా ఫోనే సైలెంట్‌లో ఉంటుంది. అయినా నాన్నను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే బయట నిలబడిన పిల్ల ఎవరెవరిది ఏ బ్లడ్ గ్రూపో గుర్తు చేసుకుని ఒక్కొక్కరి పేరు కొడుతుందా? ఫార్వర్డుల సంగతి ఒప్పుకుంటాను, కానీ ఆ రోజు పైన ఉన్నవి ఫార్వర్డులు కాదు, మనవాళ్లు సొంతంగా రాసిన బిర్యానీ గొడవే.

లష్కర్ పోరడు:
ఆ రక్తం సంగతి చదివాక మనసు కుదురుగా లేదు. అర్జెంట్ వాటికి వేరే గ్రూపు పెడదాం, ఇవాళే పెడతాను. నువ్వు ఫోన్ సైలెంట్ తీసేసి, మిగతావి మ్యూట్‌లో పెట్టి, దీనికి మాత్రం మోగేలా ప్రత్యేకంగా రింగ్‌టోన్ పెట్టుకో, ఒక్క గుడ్ మార్నింగ్ వచ్చినా పెట్టినవాళ్లను తీసేస్తాం. పాత గ్రూపులో నోరు కట్టేసే రూలుకు మాత్రం నేను ఒప్పుకోను. నువ్వు దాన్ని చదవకపోయినా పర్వాలేదు, వెళ్లిపోవద్దు. మల్కాజ్‌గిరి మామా, ఆదివారం అమీర్‌పేట మాట మావాళ్లతో అంటాను, వచ్చేవాళ్లు వస్తారు.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
వేరే గ్రూపైతే నాకు సరే. అడ్మిన్లు మాత్రమే రాసే సెట్టింగ్ పెట్టొద్దు, ఆస్పత్రిలో రేపు ఎవరుంటారో ముందే తెలియదు. గ్రూపు వివరాల్లో అందరి బ్లడ్ గ్రూపులు, ఎవరు ఏ ఏరియాలో ఉంటారో ఇప్పుడే రాసిపెట్టండి. ఓ నెగటివ్ వాళ్లకు ఓ నెగటివే ఎక్కించాలి, వెతకడం చాలా కష్టం. నాది మొదట రాయండి, రాయదుర్గం మెట్రో దగ్గర.