ట్రినిడాడ్‌లోని ‘డగ్లా’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కరీబియన్ దీవి ట్రినిడాడ్ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అక్కడ భారతీయ, ఆఫ్రికన్ మూలాలు రెండూ ఉన్నవారిని ‘డగ్లా’ అంటారు. మొదట ‘సంకర జాతి’ అని రాశాను గానీ, ఆవులకూ పత్తి విత్తనాలకూ వాడే మాటను మనుషులకు వాడటానికి మనసొప్పడం లేదు. పైగా ‘వర్ణసంకరం’ అనే పాత నింద దాని వెనకే ఉంది. ఏ మాట వాడమంటారు?

మొదటి జవాబు:
మీరు జంకుతున్న నింద మూలపదంలోనే ఉందండి. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడ ట్రినిడాడ్ చేరింది మొదలు 1917 దాకా ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో ఎక్కువమంది ఉత్తరాదివారు. వారి ‘దోగ్లా’కు అక్రమ సంతానమనీ, రెండు నాల్కల మనిషనీ అర్థాలున్నాయి. అయితే 1961లో అక్కడి క్యాలిప్సో పాటల పోటీలో ‘రాజు’గా గెలిచిన గాయకుడు ‘మైటీ డగ్లా’ అని ఆ తిట్టునే పేరుగా పెట్టుకుని, ఎవరి దేశానికి వారిని పంపేస్తే నన్ను రెండుగా చీల్చాల్సిందేనని పాడాడు. ‘మిశ్రమ వంశీయుడు’ అంటే ఆ తెగువంతా ఆవిరైపోతుంది. ‘డగ్లా’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వివరించండి.

రెండో జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తాను, కానీ ఆ మాట ఎవరి నోట వస్తోందో కూడా చూడండి. నేను ట్రినిడాడ్‌లోని సాన్ ఫెర్నాండోలో అద్దెకున్న ఇంటి యజమానురాలు తనను తాను డగ్లానని ధీమాగా చెప్పుకునేవారు. చిన్నతనంలో అదే మాటను అమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అన్నప్పుడు మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయేవారట. 2011 జనగణనలో ‘ఆఫ్రికన్–ఈస్ట్ ఇండియన్ మిశ్రమం’ అని విడిగా అడిగినప్పుడు, వచ్చినామె చేత ఆ ప్రశ్నను రెండోసారి చదివించుకున్నారట. ఆ లెక్కలో అలా నమోదైనవారు జనాభాలో 7.7 శాతం. మీ వ్యాసంలో అమ్మమ్మలాంటివారు మాట్లాడేచోట తెలుగులోనూ తిట్టు తిట్టులాగే తగలాలి.

మూడో జవాబు:
ఒక చిన్న హెచ్చరిక. కరీబియన్‌లోని ఫ్రెంచి దీవుల ప్రస్తావన వస్తే ‘డగ్లా’ను అక్కడికి మోసుకెళ్లకండి. వాటిలో ఒకటైన మార్టినిక్‌లో ఇలాంటివారిని ‘చాపే కూలీ’ అంటారు. కూలీతనం నుంచి తప్పించుకున్నవాడని దాని భావం. 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా ఆ దీవులకు వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు కనుక, ఆ మాట పడినవారిలో మనవాళ్ల మనవలూ ఉండే ఉంటారు.